పద్యం ఏ ఛందస్సో తేల్చడం ఎలా, తేల్చాక చదవడం ఎలా

"ఈ పద్యం ఏ ఛందస్సు?" అని ఫొటో తీసి పంపేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. పిల్లల పరీక్షల టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులు కొందరు, అవధానాల వీడియోలు చూసి ఆసక్తి పుట్టినవాళ్లు కొందరు, విదేశాల్లో పిల్లల చేత శతక పద్యాలు చెప్పిస్తున్నవాళ్లు కొందరు. జవాబు పంపగానే రెండో ప్రశ్న వస్తుంది: "గణాలు విడగొట్టాం సరే, మరి చదివేటప్పుడు ప్రతి గణం దగ్గరా ఆగాలా?"

ఆగకూడదు. గణం (కొన్ని అక్షరాల చిన్న గుంపు) పద్యాన్ని కొలవడానికే. ఎక్కడ ఆగాలో అర్థం చెబుతుంది. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే బడిలో ఛందస్సు మార్కులు తెచ్చుకున్నవాళ్లలో చాలామందికి పద్యం చదవడం రాదు, పద్యం కమ్మగా చదివేవాళ్లలో చాలామందికి గణాలు రావు. కింద చెప్పిన వరసలో చేస్తే రెండూ వస్తాయి. సిద్ధాంతం అవసరమైనంతే చెబుతాను.

ఏమేం కావాలి

నోటుపుస్తకం, పెన్సిలు (పెన్ను వద్దు, చెరపాల్సి వస్తుంది). నాలుగు పాదాలూ సరిగ్గా అచ్చయిన పద్యం. వాట్సాప్‌లో తిరిగే పద్యాలతో మొదలుపెట్టకండి. వాటిలో దీర్ఘాలు ఎగిరిపోయి ఉంటాయి, పాదాలు ఎక్కడపడితే అక్కడ విరిగి ఉంటాయి. తప్పు మీదో పద్యానిదో తేలక జుట్టు పీక్కోవాలి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఉంటే చాలు, వేరే యాప్ ఏదీ అక్కర్లేదు. ఇంకొకటి, పైకి చదువుకోవడానికి ఎవరూ నవ్వని చోటు. మనసులో చదువుకుంటే ఈ పని సగమే అవుతుంది.

సాధనకి ఒక ఆటవెలది ఇక్కడే ఇస్తున్నాను. ఈ పాఠం కోసమే అల్లింది, గొప్ప కవిత్వం ఆశించకండి:

వాన కురిసి వెలిసె వాకిట నీరాగె
పడవ చేసి వదలె బాబు మురిసి
కాగితంబు తడిసి కదలక మునిగిన
మరల చేయఁ బూనె మానకుండ

వాన వెలిసింది, వాకిట్లో నీరు నిలిచింది. బాబు మురిసిపోతూ పడవ చేసి వదిలాడు. కాగితం తడిసి, కదలకుండా మునిగిపోతే, పట్టు వదలకుండా మళ్లీ చేయడానికి పూనుకున్నాడు.

1. ముందు చెవిని సిద్ధం చేసుకోండి

గడి, గాడి, గడ్డి. ఈ మూడు మాటలూ పైకి అనండి, మొదటి అక్షరం మీద వేలితో బల్ల మీద తట్టండి. "గడి"లో గ దగ్గర ఒక్క దెబ్బకే సరిపోతుంది. "గాడి"లో రెండు దెబ్బలంత సేపు నోరు అక్కడే ఉంటుంది. "గడ్డి"లో గ పొట్టిదే, కానీ వెనక ఉన్న డ్ దాన్ని పట్టి ఆపుతుంది కాబట్టి మళ్లీ రెండు దెబ్బలు. ఒక దెబ్బ పట్టే అక్షరం లఘువు, రెండు దెబ్బలు పట్టేది గురువు. ఆ దెబ్బ పేరే మాత్ర.

తెలుగులో నోరు ఎంతసేపు నిలిచిందన్న దాన్ని బట్టి మాటే మారిపోతుంది. అందుకే గురులఘువులు తెలియని తెలుగువాడు లేడు, వాటి పేర్లే తెలియవు. పిల్లలకి నేర్పేటప్పుడు పుస్తకం మూసేసి ఇలాంటి మాటలతోనే మొదలుపెట్టండి: కల, కాలు, కల్లు, మడి, మాడి, మడ్డి. రెండు రోజులు ఇదే ఆట ఆడించినా నష్టం లేదు.

2. ప్రతి అక్షరానికీ గుర్తు పెట్టండి

పుస్తకాల్లో గురువుకి గిన్నె ఆకారం, లఘువుకి నిలువు గీత వేస్తారు. నోటుపుస్తకంలో మీరూ అవే వేయండి. ఇక్కడ సులువుకోసం గురువుకి గ, లఘువుకి ల అని రాస్తున్నాను.

కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా గురువు:
దీర్ఘం (కా, కీ, కే, కో), ఐ, ఔ (కై, కౌ);
సున్న గాని విసర్గ గాని ఉన్న అక్షరం (కం, కః);
పొల్లుతో ముగిసేది (డన్, కల్);
సంయుక్తాక్షరానికి (శ్వ లాంటిది) గాని ద్విత్వానికి (డ్డ లాంటిది) గాని ముందున్న అక్షరం.

మిగిలినవన్నీ లఘువులు. జాబితా ఇంతే.

అందరికీ నోటికొచ్చిన వేమన మకుటంతో చూడండి: విశ్వదాభిరామ వినురవేమ. వి (గ), శ్వ (ల), దా (గ), భి (ల), రా (గ), మ (ల), వి (ల), ను (ల), ర (ల), వే (గ), మ (ల).

మొదటి వి ఎందుకు గురువు, రెండో వి ఎందుకు లఘువు? మొదటిదాని వెనక శ్వ ఉంది. పైకి అని చూడండి, "విశ్" అన్నాకే "వ" వస్తుంది. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఒత్తు ఉన్న శ్వ బరువుగా కనిపిస్తుంది కదా అని గురువు గుర్తు దాని మీద పెట్టేస్తారు. బరువు పడేది దాని ముందరి అక్షరం మీద. శ్వలో అచ్చు పొట్టిది కనుక అది లఘువే.

ఇంకా ఎక్కడ జారతారంటే:

క్ష, జ్ఞ చూడ్డానికి ఒక్క అక్షరంలా ఉంటాయి, కానీ రెండూ సంయుక్తాలే. "పక్షి"లో ప గురువు, "యజ్ఞం"లో య గురువు.

వట్రసుడి ఒత్తు కాదు, అది అచ్చు. "ప్రకృతి" మూడూ లఘువులే. కృ ముందున్న ప్ర గురువు కాదు. "సుకృతం"లో సు కూడా అంతే. వట్రసుడి, క్రావడి (ర ఒత్తు) ఒకేలా వినిపించే ఈ రోజుల్లో చెవి ఒక్కటే చాలదు, రాత కూడా చూడాలి.

అరసున్న సున్న కాదు. మన పద్యంలో "చేయఁ" అన్నచోట య లఘువే.

పక్క మాట ఒత్తుతో మొదలైతే ముందు మాట చివరి అక్షరం మామూలుగా గురువు కాదు. "మంచి స్నేహం"లో చి లఘువు, ఎందుకంటే ఆ రెంటినీ విడిగా పలుకుతాం. సంస్కృత సమాసమైతే మాటలు అతుక్కుపోతాయి కనుక లెక్క మారుతుంది. "దేశప్రగతి"లో శ గురువు. అనుమానం వస్తే గబగబా మూడుసార్లు పైకి అనండి. మాటల మధ్య సందు వినిపిస్తే లఘువు, "దేశప్" అని అతుక్కుంటే గురువు.

ఎ, ఏ, ఒ, ఓ. అచ్చులో చిన్న తేడా, లెక్కలో పెద్ద తేడా. కళ్లజోడు పెట్టుకుని చూడండి.

హెచ్చరిక: పద్యంలో ఉన్నది ఉన్నట్టు గుర్తు పెట్టండి, సంధి విప్పకండి. కొన్ని పుస్తకాల్లో పిల్లల సౌకర్యం కోసం "నీరు ఆగె" అని విడదీసి వేస్తారు. అలా లెక్కిస్తే గలగల అని నాలుగక్షరాలొస్తాయి. ఆ ఆకారంలో మనకి కావలసిన గణం ఏదీ లేదు. "నీరాగె" అంటేనే గగల, సరైన గణం.

3. ఇది ఏ జాతి పద్యమో ముందే ఊహించండి

గుర్తులు పెట్టగానే కత్తెర పట్టుకోకండి. నాలుగు పాదాల్లో అక్షరాలు లెక్కపెట్టండి. నాలుగింటిలోనూ ఒకే సంఖ్య వచ్చి, అది 19, 20, 21లలో ఒకటైతే దాదాపు ఖాయంగా వృత్తం. అంటే ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభాల్లో ఒకటి. ఒక్కో పాదంలో ఒక్కోలా వస్తే ఆటవెలది, తేటగీతి, సీసం, కందం, ద్విపద వైపు చూడాలి. మన పడవ పద్యంలో వరసగా 14, 13, 15, 11 వస్తాయి. కాబట్టి వృత్తం కాదు.

మకుటం ఉంటే పని ఇంకా తేలిక. విశ్వదాభిరామ అని ఉంటే ఆటవెలది. సుమతీ శతకమైతే కందం. దాశరథీ శతకమైతే ఉత్పలమాల గాని చంపకమాల గాని. ఇది మోసం కాదు, అనుభవమున్నవాళ్లంతా చేసేదే.

4. ఆటవెలది, తేటగీతి అయితే ఇలా కోయండి

ఇక్కడ రెండు రకాల గణాలు చాలు.

సూర్యగణాలు రెండు: లలల (న), గల (హ).
ఇంద్రగణాలు ఆరు: లలలల (నల), లలలగ (నగ), లలగల (సల), గలల (భ), గలగ (ర), గగల (త).

సూర్యగణాలు రెండూ మూడు మాత్రలే. "మనిషి" అని నిదానంగా అంటే లలల, మాటల వేగంలో "మన్షి" అంటే గల. అచ్చు ఎగిరిపోయినా ఆ కాలం ముందరి అక్షరం మీద నిలబడుతుంది. తెలంగాణలో "అడ్గు" అన్నా, ఇంకోచోట "అడుగు" అన్నా పట్టే సేపు అదే. ఒకదాని బదులు ఇంకొకటి వాడుకోవచ్చని ఛందస్సు ఒప్పుకున్నది ఇందుకే అనిపిస్తుంది. అయితే కాగితం మీద లెక్కించేటప్పుడు మాత్రం మీ నోటి అలవాటు పక్కన పెట్టి, పద్యంలో రాసిందే తీసుకోండి.

ఆటవెలది 1, 3 పాదాలు: మూడు సూర్య, రెండు ఇంద్ర.
ఆటవెలది 2, 4 పాదాలు: అయిదూ సూర్య.
తేటగీతి నాలుగు పాదాలూ: ఒక సూర్య, రెండు ఇంద్ర, రెండు సూర్య.

మన పద్యం:
వాన (గల) | కురిసి (లలల) | వెలిసె (లలల) | వాకిట (గలల) | నీరాగె (గగల)
పడవ (లలల) | చేసి (గల) | వదలె (లలల) | బాబు (గల) | మురిసి (లలల)
కాగి (గల) | తంబు (గల) | తడిసి (లలల) | కదలక (లలలల) | మునిగిన (లలలల)
మరల (లలల) | చేయఁ (గల) | బూనె (గల) | మాన (గల) | కుండ (గల)

మూడో పాదంలో "కాగితంబు" రెండు ముక్కలైంది, నాలుగో పాదంలో "మానకుండ" కూడా. కంగారు పడకండి. గణం మాట మధ్యలో తెగడం మామూలే. మాట తెగుతోంది కదా అని గణాన్ని పెంచడం, తగ్గించడం చేస్తే మొత్తం పాడవుతుంది.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. అన్నీ మూడేసి అక్షరాలుగా కోసుకుంటూ పోతారు. అలా చేస్తే "కదల" అని ఒక గణం వచ్చి "క" మిగిలిపోతుంది, అక్కణ్ణుంచి ఏదీ కుదరదు. అక్కడ రావలసింది ఇంద్రగణమని ముందే తెలిస్తే నాలుగు లఘువులు తీసుకుంటారు. ఏ గడిలో ఏ గణం రావాలో పైన రాసుకుని, ఆ తర్వాతే కోయండి.

సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక లెక్క: ఆటవెలది 2, 4 పాదాల మాత్రలు కూడండి. అయిదు సూర్యగణాలు కాబట్టి ఎప్పుడూ 15 రావాలి. 14 వచ్చినా 16 వచ్చినా ఎక్కడో గుర్తు తప్పింది. మొదటి పాదం ఒక్కటే చూసి ఆటవెలదా తేటగీతా అని తేల్చకండి, రెంటి మాత్రలూ 17 నుంచి 19 మధ్యే ఉంటాయి. రెండో పాదం చూస్తే అనుమానం తీరిపోతుంది.

సీసం చూడ్డానికి భయపెడుతుంది గానీ పెద్ద పని కాదు. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, రెండు వరసల్లో వేస్తారు. అందువల్ల నాలుగు పాదాలు ఎనిమిది వరసలుగా కనిపిస్తాయి, కింద ఆటవెలదో తేటగీతో తోకగా ఉంటుంది. ద్విపద అయితే మూడు ఇంద్ర, ఒక సూర్య, రెండే పాదాలు.

5. కందం అయితే

పొట్టి పాదం, పొడుగు పాదం, పొట్టి, పొడుగు. కంటికే తెలిసిపోతుంది. గణాలన్నీ నాలుగు మాత్రలవి: గగ, గలల, లగల, లలగ, లలలల. 1, 3 పాదాల్లో మూడేసి గణాలు, 2, 4 పాదాల్లో అయిదేసి. కాబట్టి మాత్రలు 12, 20, 12, 20 రావాలి. ఒకటి రెండు పాదాలు కలిపి ఎనిమిది గణాలుగా లెక్కిస్తే, బేసి స్థానాల్లో లగల రాకూడదు, ఆరో గణం లగల గాని లలలల గాని కావాలి. 2, 4 పాదాల చివర గురువు ఉండి తీరాలి. "సుమతీ"లో చివరి తీ ఆ పనే చేస్తోంది. కొందరు చదివేటప్పుడు "సుమతి" అని తేల్చేస్తారు, అది వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

6. వృత్తం అయితే

మూడక్షరాల గణాలు ఎనిమిది. వాటిని గుర్తుంచుకోవడానికి పాత సూత్రం: యమాతారాజభానసలగం. నోటుపుస్తకం అట్ట మీద రాసుకోండి. ఏ గణం కావాలో ఆ అక్షరం నుంచి మూడు తీసుకుంటే దాని ఆకారం వస్తుంది. భ కావాలంటే భానస: గలల. ర కావాలంటే రాజభా: గలగ.

ఉత్పలమాల: భ ర న భ భ ర, తర్వాత లగ. 20 అక్షరాలు, యతి (దీని సంగతి 7లో) 10వ అక్షరం.
చంపకమాల: న జ భ జ జ జ ర. 21 అక్షరాలు, యతి 11.
శార్దూలం: మ స జ స త త, తర్వాత గ. 19 అక్షరాలు, యతి 13.
మత్తేభం: స భ ర న మ య, తర్వాత లగ. 20 అక్షరాలు, యతి 14.

నాలుగు వరసలూ బట్టీ పట్టనక్కర్లేదు, రెండు చాలు. ఉత్పలమాలలో మొదటి గురువుని తీసేసి అక్కడ రెండు లఘువులు పెడితే చంపకమాల. శార్దూలంలో అలాగే చేస్తే మత్తేభం. ఒక అక్షరం పెరిగింది కాబట్టి యతి కూడా ఒక అక్షరం ముందుకి జరుగుతుంది. మిగతా నడకంతా ఒకటే. ఒక పాదం మీద చేసి చూపిస్తాను.

చూచిన వెంటనే తెలియు చొక్కపు పద్యపు జాడలెల్లెడన్

గణాలు: చూచిన (భ) | వెంటనే (ర) | తెలియు (న) | చొక్కపు (భ) | పద్యపు (భ) | జాడలె (ర) | ల్లెడన్ (లగ). ఉత్పలమాల. చివరి డన్ పొల్లు వల్ల గురువైంది.

ఇప్పుడు "చూచిన" బదులు "చదివిన" పెడదాం. చూ అనే గురువు పోయి చ, ది అనే రెండు లఘువులొచ్చాయి:

చదివిన వెంటనే తెలియు చక్కని పద్యపు జాడలెల్లెడన్

గణాలు: చదివి (న) | నవెంట (జ) | నేతెలి (భ) | యుచక్క (జ) | నిపద్య (జ) | పుజాడ (జ) | లెల్లెడన్ (ర). చంపకమాల.

ఈ రెండు పాదాలూ పైకి చదవండి. "వెంటనే తెలియు" అన్న మాటల్లో ఒక్క అక్షరం మారలేదు, ఊపిరి మారలేదు, అర్థం మారలేదు. గణాల గీతలు మాత్రం పూర్తిగా వేరేచోట పడ్డాయి. మొదటిదాంట్లో చివరి గీత తప్ప మిగతావన్నీ అదృష్టవశాత్తూ మాటల అంచుల మీదే పడ్డాయి. రెండోదాంట్లో "నవెంట", "నేతెలి", "యుచక్క" అని అర్థం లేని ముక్కలయ్యాయి. గణం దగ్గర ఆగి చదివితే మీ నోట్లోంచి వచ్చేవి ఆ ముక్కలే. గీత కాగితం మీదే ఉండనివ్వండి.

7. యతి, ప్రాసలతో సరిచూసుకోండి

గణాలు కుదిరాక యతి కూడా కుదిరితే మీ లెక్క సరైనదే అని ధీమాగా ఉండొచ్చు. యతి అంటే తెలుగులో ఆగడం కాదు. పాదం మొదటి అక్షరానికీ, యతిస్థానంలో ఉన్న అక్షరానికీ పొత్తు కుదరడం. ఆటవెలది, తేటగీతిలో యతిస్థానం నాలుగో గణం మొదటి అక్షరం.

హల్లు, అచ్చు రెండూ కుదరాలి. హల్లుల్లో క ఖ గ ఘ ఒక జట్టు. చ ఛ జ ఝ శ ష స ఒక జట్టు. ట ఠ డ ఢ. త థ ద ధ. ప ఫ బ భ వ. అచ్చుల్లో అ ఆ ఐ ఔ ఒక జట్టు. ఇ ఈ ఎ ఏ, వట్రసుడి ఒక జట్టు. ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. ఇంకా చాలా రకాలున్నాయి గానీ మొదట్లో ఇవి చాలు.

పడవ పద్యంలో వా–వా, ప–బా, కా–క, మ–మా. పైన ఉత్పలమాలలో చూ–చొ, చంపకమాలలో చ–చ. "చూచిన"ని "చదివిన" చేసినప్పుడు "చొక్కపు"ని "చక్కని" ఎందుకు చేశానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. చ పక్కన చొ నిలవదు, అచ్చు కుదరదు.

దాశరథీ శతకం మకుటం "దాశరథీ కరుణాపయోనిధీ" మొత్తం 11 అక్షరాలు. ఉత్పలమాలలో 10వ అక్షరం దగ్గర, చంపకమాలలో 11వ అక్షరం దగ్గర, అంటే సరిగ్గా యతిస్థానంలో మొదలవుతుంది. అందుకే ఆ పద్యాల నాలుగో పాదం మొదటి అక్షరం దా తో పొత్తు కుదిరేదే అయ్యుంటుంది. పుస్తకం తీసి చూడండి, సరదాగా ఉంటుంది.

ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతి కుదరకపోతే వెంటనే తప్పు అనకండి. ప్రాసయతి కావచ్చు. అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాల హల్లు కలుస్తుంది. "పడవ" అని మొదలైన పాదంలో నాలుగో గణం "గొడవ" అయితే చాలు. వృత్తాల్లో, కందంలో ఈ వెసులుబాటు లేదు.

ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం హల్లు ఒకటే కావడం. వృత్తాలకీ కందానికీ తప్పనిసరి, ద్విపదలో కూడా ఉంటుంది. ఆటవెలదికి అక్కర్లేదు. మన పద్యంలో న, డ, గి, ర అని నాలుగూ వేరు.

8. మాట మార్చి పరీక్షించండి

మీకు నిజంగా వచ్చిందో లేదో ఇక్కడ తేలుతుంది. రెండో పాదంలో "బాబు" తీసి వేరే మాట పెట్టండి.

"పాప": గల, ప–పా యతి కుదిరింది. పద్యం నిలబడింది.
"బాలుడు": యతి బాగుంది, కానీ గలల అయింది. అక్కడ సూర్యగణమే రావాలి. పోయింది.
"చిన్ని": గల సరిపోయింది, ప–చి యతి పోయింది.

ఇలా పది మాటలు మార్చి చూస్తే, వంద పద్యాలు విడగొట్టినంత పని జరుగుతుంది. పద్యం రాయాలన్న కోరిక ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

9. ఇక చదవడం

గణాల కాగితం పక్కన పెట్టేయండి. ముందుగా పద్యాన్ని మామూలు మాటల్లో వరస మార్చి చెప్పుకోండి. ఎవరు, ఏమిటి, ఏం చేశాడు తేలకుండా పైకి చదవకండి.

మాట్లాడేటప్పుడు విరామం అర్థాన్ని ఎలా తిప్పేస్తుందో ఈ వాక్యంలో చూడండి: "నాన్న వచ్చాక తిను అన్నాడు." "నాన్న వచ్చాక తిను" అని ఒక్క ఊపున అని ఆగితే, నాన్న వచ్చాక తినమని ఎవరో చెప్పారు. "నాన్న" దగ్గర ఆగితే, చెప్పింది నాన్నే. అక్షరాలు అవే, గురులఘువులూ అవే. స్వరం పైకెత్తడం, దించడం కూడా అలాంటిదే. "వచ్చాడు" అని దించితే కబురు, ఎత్తితే ప్రశ్న. మీ నోటికి రోజూ అలవాటైన ఈ విద్యనే పద్యానికి వాడండి.

విరామాలు పెన్సిలుతో పెట్టుకోండి:

వాన కురిసి వెలిసె / వాకిట నీరాగె //
పడవ చేసి వదలె / బాబు మురిసి //
కాగితంబు తడిసి / కదలక మునిగిన
మరల చేయఁ బూనె / మానకుండ //

మూడో పాదం చివర గీత లేదు. పాదం అయిపోయింది గానీ వాక్యం అవలేదు. "మునిగిన" అంటే ఇక్కడ మునిగితే అని. అక్కడ గొంతు దించి ఆపేస్తే "మునిగిన ఏదో ఒకటి" అన్నట్టు వినిపిస్తుంది, లేదా పద్యం అక్కడే అయిపోయినట్టుంటుంది. "నువ్వొస్తే..." అని మాట మధ్యలో మనం గొంతు ఎలా పైన నిలబెడతామో అలా నిలబెట్టి నాలుగో పాదంలోకి వెళ్లండి. పాదం చివర ఆగడం బడిపిల్లల అలవాటు. నలుగురు కలిసి చదివేటప్పుడు పనికొస్తుంది, ఒక్కరు చదివేటప్పుడు పద్యాన్ని చంపేస్తుంది.

యతిస్థానంలో ఆగనక్కర్లేదు. ఆ అక్షరాన్ని స్పష్టంగా పలికితే చాలు, పొత్తు దానంతట అదే వినిపిస్తుంది.

రాగం ఆఖర్న. అర్థం, విరామం కుదిరాకే రాగం. రంగస్థలం పద్యం లాగా సాగదీయాలని ఉంటే దీర్ఘాల మీద, పాదాల చివర సాగదీయండి. లఘువుని మాత్రం లాగకండి. లాగితే "పడవ" కాస్తా "పాడవ" అవుతుంది, వినేవాడికి మాటే అందదు. చప్పట్లు రాగానికి పడుతున్నాయా పద్యానికి పడుతున్నాయా అన్నది వేరే చర్చ. పోటీల కోసం తయారుచేసే పిల్లల్లో దీనికి ఎదురు జబ్బు కనిపిస్తుంది. సమయం మించుతుందేమోనన్న భయంతో గురువుల్ని కూడా లఘువుల్లా మింగేస్తారు. వేగం తగ్గించమంటే తగ్గించలేరు. పద్యాన్ని చేత్తో మాత్రలు తడుతూ చదివించండి, దారికొస్తారు.

10. రికార్డు చేసి వినండి

ఒకసారి మీరు వినండి: దీర్ఘాలన్నీ దీర్ఘాలుగానే ఉన్నాయా, ఒత్తుల ముందు అక్షరం నిలబడిందా, మాట మధ్యలో ఎక్కడైనా ఊపిరి తెగిందా. తర్వాత ఆ పద్యం తెలియని మనిషికి వినిపించి, "ఏం జరిగింది?" అని అడగండి. బాగుంది, గొంతు బాగుంది అంటే లెక్కలోకి తీసుకోకండి. పిల్లాడి పడవ మునిగిందని, మళ్లీ చేస్తున్నాడని చెప్పగలిగితే మీరు సరిగ్గా చదివినట్టు. చెప్పలేకపోతే చాలావరకు లోపం విరామాల్లో ఉంటుంది, 9లో పెట్టుకున్న గీతలు మళ్లీ చూసుకోండి.

ఏ వరసలో సాధన చేయాలి

వేమన ఆటవెలదులతో మొదలుపెట్టండి. మాటలు తేలిక, గణాలు కూడా చాలాచోట్ల మాటలతోపాటే నడుస్తాయి. తర్వాత సుమతీ శతకం కందాలు. అవి చేతికొచ్చాక దాశరథీ శతకం. శార్దూల, మత్తేభాలు సమాసాల మయం కనుక చివరికి ఉంచుకోండి. అక్కడ గణాల కంటే సమాసం ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవడమే కష్టం, నిఘంటువు పక్కన ఉండాలి.

గణవిభజన చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ముందే వాటిని అడిగితే జవాబు వస్తుంది, విద్య రాదు. చేత్తో చేశాక సరిచూసుకోవడానికి వాడండి. మీ లెక్కకీ దానికీ తేడా వస్తే, ముందు మీరు టైప్ చేసిన పద్యాన్ని అచ్చు పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చండి. ఎక్కువసార్లు అక్కడ ఒక దీర్ఘమో, ఒక ఒత్తో జారిపోయి ఉంటుంది.